మామయ్య మెడ వేడి

మామయ్య ఎవరు ఎదురైనా ముందు చెయ్యి తిరగేసి మెడకు ఆనించుకుంటాడు. ఆ తర్వాతే పలకరింపు.

"చూడు, కాలిపోతోంది."

చూడాలి. చూడకపోతే వదలడు. ఊడిన గుండీ కుట్టించుకుందామని వచ్చినవాళ్లు కూడా ముందు ఆయన మెడ తాకి చూడాల్సిందే.

మామయ్య దర్జీ. కాలరు ఒరుసుకుంటోందేమో అన్నారెవరో. ఆ సాయంత్రమే తన చొక్కాలన్నింటికీ కాలర్లు విప్పేశాడు. కాలరు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఒంటి మీద మాత్రం కాలరు లేదు. దిండు ఎత్తేమో అంటే దిండు తీసేశాడు. టేపు బరువేమో అంటే టేపు తీసి నా మెడలో వేశాడు.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు మెడ నొక్కాడు, గుటక వేయించాడు, రక్తపరీక్ష కూడా చేయించాడు.

"థైరాయిడ్ లేదు. కండరం పట్టలేదు. జ్వరం లేదు. చల్లగానే ఉంది కదండీ?"

"వేడి ఇప్పుడెందుకుంటుంది? పొద్దున్నే రండి" అన్నాడు మామయ్య, పెళ్లికి పిలిచినట్టు.

కొట్టు వెనకే ఇల్లు. లోపలి గదిలో అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. కూతురు పోయినప్పటి నుంచి అంతే. తిండి మంచం దగ్గరికే. మాట లేదు. లేస్తుందన్న ఆశ మేమంతా వదిలేశాం.

ఒకరోజు పెందలాడే కొట్లోకి వెళ్లాను. మామయ్య మడతపెట్టిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె అదిమి, ఆ గుడ్డను మెడకు చుట్టుకుంటున్నాడు.

"ఇదేం పని మామయ్యా!"

"అరవకురా. ఆవిడ వింటుంది."

గుడ్డ తీసేసి లోపలికి నడిచాడు.

"ఏమే, చూడు, కాలిపోతోంది."

చాలాసేపటికి మంచం కిర్రుమంది. అత్తయ్య లేచింది. గోడ పట్టుకుని నడిచి, తువ్వాలు తడిపి తెచ్చి, ఆయన మెడ మీద వేసింది. మళ్లీ పడుకుంది. రోజు మొత్తంలో ఆవిడ లేచేది అందుకొక్కదానికేనని అప్పుడే తెలిసింది.

మామయ్య మిషను దగ్గరికి వెళ్లాడు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. అత్తయ్య గోడవైపు తిరిగే అంది:

"ఇస్త్రీ వాసన నాకు తెలీదనుకుంటారు, పిచ్చి మనిషి."

"మరెందుకు లేస్తావత్తయ్యా?"

"లేవకపోతే ఇంకాస్త గట్టిగా కాల్చుకుంటారు."

మర్నాడు పొద్దున బల్ల మీద ఇస్త్రీపెట్టె లేదు. మామయ్య బల్ల కింద వెతికాడు. బట్టల గుట్టలో వెతికాడు. లోపల అత్తయ్య నిలబడి, కాలరు లేని చొక్కా ఒకటి ఇస్త్రీ చేస్తోంది.

మామయ్య గుమ్మంలోంచి చూశాడు. చెయ్యి తిరగేసి, చల్లటి మెడకు ఆనించుకున్నాడు.

"ఏమే, చూడు" అన్నాడు, "కాలిపోతోంది."