మావతో సాలూరు ఆసుపత్రికి

పరీక్ష పాసవడమే కష్టమనుకునేదాన్ని. పాసై, నర్సుల రిజిస్టరులో పేరెక్కాక, ఉద్యోగానికి ఇంట్లో ఒప్పించడం అంతకంటే కష్టమని తెలిసింది. అరవైల చివరి మాట ఇది. మాది కళింగపట్నం దగ్గర, చేపల వేట మీద బతికే పల్లె. పెళ్లయిన రెండో ఏడు నా భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ తర్వాత విశాఖపట్నంలో నర్సు శిక్షణలో చేరాను. మామగారు ఎర్రయ్య అప్పుడు అడ్డు చెప్పలేదు. చదువు పూర్తయ్యేసరికి మాత్రం, నర్సులు మగవాళ్ల ఒళ్లు కూడా తుడవాలని ఎవరో ఆయన చెవిన వేశారు. సాలూరులో ఒక చిన్న ఆసుపత్రి నుంచి రమ్మని కబురు రాగానే, "ముందు నాను సూడాల. నచ్చకపోతే ఎండుసేపల గంప ఎత్తుకుందువు గాని" అన్నాడు. ఆయన మాట కాదని వెళ్లే ధైర్యం నాకు లేదు.

తెల్లవారాక మొదటి బస్సు పట్టుకుని శ్రీకాకుళం చేరాం. అక్కడి నుంచి నాగావళి దాటి విజయనగరం వెళ్లేసరికి ఎండెక్కింది. బస్టాండు పక్కన ఇడ్లీ తిని సాలూరు బస్సెక్కాం. గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్లే ఆ దారి ఇప్పటికీ అదే. అప్పుడు టిక్కెట్టు చవకే గాని, గతుకులకు నడుం విరిగేది. మావ శ్రీకాకుళం దాటి రావడం అదే మొదలు. కిటికీలోంచి కొండలకేసి చూస్తూ, "ఇక్కడ గాలి ఏ పక్కనించి వస్తాదో తెలవడం నేదే" అన్నాడు.

కండక్టరు పలకరించాడు. "సాలూరు ఆస్పత్రికా? జబ్బెవులికి మావా?"

"జబ్బు కాదు. పని" అన్నాడు మావ.

మధ్యాహ్నం దాటాక దిగాం. లారీల ఊరు కదా, రోడ్డుకి రెండు వైపులా లారీలే. ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో ఘాట్ రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్లే ఎక్కువ. పెద్ద నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఇంతలో మగవాళ్ల వార్డులోంచి మూలుగు వినిపించింది. తుంటి విరిగిన ఒక ముసలి లారీ డ్రైవరు పక్కలోనే పాడుచేసుకున్నాడు. ఆయా ఆ రోజు రాలేదు. పెద్ద నర్సమ్మ నావైపు చూసి, "ఓ చెయ్యి వేస్తావా అమ్మా?" అంది.

వెళితే మావ ఏది చూస్తాడని నేను భయపడ్డానో అదే చూస్తాడు. వెళ్లకపోతే ఆ మనిషి అలాగే పడి ఉంటాడు. చీర చెంగు దోపుకుని లోపలికి నడిచాను. గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టాను. గుమ్మంలో మావ నిలబడి చూశాడు, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అయిపోయింది అనుకున్నాను.

కింద దుప్పటి మార్చడానికి ఆ మనిషిని ఎత్తాలి. మా ఇద్దరి బలం చాలలేదు. కదిపితే అరుస్తున్నాడు. అప్పుడు నా భుజం పక్కగా రెండు చేతులొచ్చాయి, వల లాగి కాయలు కాసిన చేతులు. "నాను పట్టుకుంతాను. నువ్వు దుప్పటి లాగీ" అన్నాడు మావ.

ఆ ముసలాయన్ని మెల్లగా ఆనించుకుని అడిగాడు. "ఏ ఊరు బాబూ నీది?"

"ఒరిస్సాలో, జైపూరు అవతల."

"నీవోల్లు వచ్చినారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. మావ నాకు మాత్రమే వినపడేలా, "మనోడికి నీల్లు పోసే రాత కూడా నేకపోనాది గదే" అన్నాడు. నా భర్త శవం దొరకలేదు. ఇంట్లో ఎప్పుడూ ఎత్తని మాట అది. నేను తలెత్తకుండా తడిసిన దుప్పటి లాగేసి కొత్తది పరిచాను.

ఆ రోజు నుంచే ఉండిపొమ్మంది పెద్ద నర్సమ్మ. సాయంత్రం బస్సుకి మావని ఎక్కించడానికి వెళ్లాను. మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. "ఉండు. కానీ ఊర్లో మటుకు సూదులేస్తాదనే సెప్తాను. తక్కినది సెప్పను" అన్నాడు.

"అలాగే మావా" అన్నాను.

చెప్పలేదు కూడా. ఆయన పోయేదాకా మా పల్లెలో నేను సూదులేసే నర్సునే. మొదట్లో దానికి బాధపడేదాన్ని. తన పరువునీ నా బతుకునీ రెండింటినీ నిలబెట్టడానికి ఆయనకు తోచిన దారి అదొక్కటేనని తర్వాత అర్థమైంది. ఏడాదికోసారి ఎండుచేపలు పట్టుకుని అంత దూరం వచ్చేవాడు. వార్డు బయట బల్ల మీద కూర్చునేవాడు. ఎవరినైనా ఎత్తాల్సి వస్తే పిలవకుండానే లేచి వచ్చేవాడు.

కొత్తగా పాసై ఉద్యోగం చూసుకోబోతున్న అమ్మాయిలకు ఒకటే చెబుతాను. ఒప్పుకునే ముందు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఆఫీసు గదిలోంచే తిరిగి వచ్చేయకండి. అనుమతి అడిగి వార్డులోకి వెళ్లి, వాళ్లని కూడా కాసేపు అక్కడ నిలబడనివ్వండి.