ముఖానికి ఐదు ఈకలు

డిజిటల్ ఫొటోగ్రఫీ గురించి నేను వారం వారం పత్రికలో పాఠాలు చెప్పిన రోజుల్లో నా దగ్గర డిజిటల్ కెమెరా లేదు. ఆ మాటకొస్తే మామూలు కెమెరా కూడా లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. విజయవాడలో ఒక చిన్న దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. మా పేపరుకి వారానికొక కంప్యూటర్ పేజీ ఉండేది. అందులో ఫొటోల గురించి రాసే ఆయన మంచి ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. పేజీ ఇన్‌ఛార్జి గారు నన్ను పిలిచారు.

"నీకు ఫొటోలంటే ఇష్టమే కదా?"

"ఇష్టమేనండీ, దిగడం."

"అది చాలు. అరపేజీ. సగం వార్తలు, సగం పాఠం. శుక్రవారానికి ఇచ్చెయ్."

అలా నేను నిపుణుణ్ణయ్యాను. అంత తక్కువ చదువుతో నిపుణులైనవాళ్లు మా ఆఫీసులో ఇంకా ఉన్నారు కాబట్టి నాకేమీ బెరుకనిపించలేదు. వాస్తు రాసే ఆయన భవానీపురంలో మా వీధిలోనే అద్దెకుండేవాడు. ఆయనింటి గుమ్మం ఎటు తిరిగి ఉందో నాకు తెలుసు.

గురువారం మధ్యాహ్నం గవర్నర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లేవాణ్ణి. పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. విదేశీ వెబ్‌సైట్లలో దొరికింది ప్రింట్ తీయించుకుని, తెలుగు చేసి, కింద నా పేరు పెట్టుకునేవాణ్ణి. జపాన్‌లో ఎవరో కెమెరాకి రెండు మెగాపిక్సెళ్లు పెంచితే, దాని కోసం అవనిగడ్డలో జనం నిద్ర మానేసి ఎదురుచూస్తున్నట్టు రాసేవాణ్ణి. పాఠాలు ఇంకా గొప్పవి. మంచు కురుస్తున్నప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచమని మే నెల మొదటివారంలో రాశాను. రోళ్లు పగిలే ఎండలో మా పాఠకులు దాన్ని శ్రద్ధగా చదివారు. ఎవరూ ఏమీ అనలేదు.

కెమెరా పాఠాలు అయిపోయాక ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ మీద పడ్డాను. అందులో ఒక సదుపాయం ఉంటుంది. ఫొటోలో మనం ఎంచుకున్న భాగం అంచులు కత్తిరించినట్టు కాకుండా మెత్తగా పక్కదాంట్లో కలిసిపోయేలా చేస్తుంది. దాని పేరు ఫెదర్, ఎంత మెత్తగా కలవాలో ఒక అంకెతో చెప్పాలి. తెలుగు భాషకి సేవ చేసే అవకాశం రోజూ రాదు కదా. "ముఖాన్ని ఎంచుకోండి. దానికి ఐదు ఈకలు తగిలించండి" అని రాశాను. ప్రూఫ్ రీడర్ 'తగిలించండి'లో ఎక్కువైన దీర్ఘం ఒకటి తీసేసి పంపించేశాడు.

ఆ తర్వాత వారం ఒక కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు. "అయ్యా, మీరు చెప్పిన ఈకలు మా కంప్యూటర్‌లో ఎక్కడా దొరకలేదు. ఫెదర్ అని ఉంది. మీరన్నది అదే అయితే ఐదు అన్ని ఫొటోలకీ సరిపోదు. చిన్న ఫొటోకి ఎక్కువ, పెద్ద ఫొటోకి ఏ మూలకీ రాదు. దయచేసి వివరించగలరు." కింద పేరు లేదు. 'గవర్నర్‌పేటలో ఒక ఫొటో స్టూడియో నుంచి' అని మాత్రం ఉంది.

నేను వివరించలేదు. తెలిస్తే కదా.

ఇంకో నెలకి మరో కార్డు. "ముఖం నల్లగా వస్తే బ్రైట్‌నెస్ పెంచమన్నారు. పెంచితే పంచె మడతలు కూడా పోయాయి. పెళ్లికొడుకు దుప్పటి కప్పుకుని పీటల మీద కూర్చున్నట్టున్నాడు." పనీపాటా లేని పెద్దాయన ఎవరో నా వెంట పడ్డాడనుకున్నాను. కార్డులన్నీ సొరుగులో పడేశాను. జపాన్ కెమెరా ధర అడుగుతూ గుడివాడ నుంచి వచ్చిన ఉత్తరానికి మాత్రం వెంటనే జవాబిచ్చాను. నిపుణుడికి ప్రజాసంబంధాలు ముఖ్యం.

వానాకాలంలో ఒక రోజు పదకొండు గంటలప్పుడు ఒకావిడ ఆఫీసుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. బురఖా వేసుకుని ఉంది, ముఖం మీద ముసుగు లేదు. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. చేతిలో గుడ్డసంచి.

"ఈకల సార్ మీరేనాండీ?" అంది.

పక్క టేబుల్ వాళ్లంతా తలలెత్తారు. నేనేనని ఒప్పుకున్నాను.

"కార్డులు రాసింది నేనేనండీ. స్టూడియో మా ఆయనది. నేను వెనకగదిలో ఫొటోలు దిద్దే టచింగ్ పని చేస్తాను, ఇరవయ్యేళ్ల నుంచి." సంచిలోంచి పేపరు ముక్క తీసి నా ముందు పెట్టింది. "ఇది కిందటేడు మీరు రాసింది."

'సీడీ వందేళ్లు చెక్కుచెదరదు. ఇంకా నెగటివ్‌లు దాచుకోవడం చాదస్తం' అన్నది ఆ వార్త. చూడగానే గుర్తొచ్చింది. అది వార్త కాదు, ఏదో కంపెనీ ప్రకటన. ప్రింట్ తీసినప్పుడు పైన చిన్న అక్షరాల్లో ఆ మాట ఉండనే ఉంది. నేను కింది పెద్ద అక్షరాలు మాత్రమే తెలుగు చేశాను.

"ఇది చదివి మా ఆయన పాత నెగటివ్‌లు స్కాన్ చేయించి సీడీల్లో ఎక్కించారండీ. బ్లాక్ అండ్ వైట్‌వి పెట్టెలు పెట్టెలు, ఫిల్ములోంచి వెండి తీసేవాళ్లకి ఇచ్చేశారు. ఇప్పుడు సీడీల మీద పూత లేస్తంది. ఒకటి తెరుచుకుంటే రెండు తెరుచుకోట్లా."

నేను ఇన్‌ఛార్జి గారి గది వైపు చూశాను. తప్పు చేసిన ప్రతి జర్నలిస్టూ ముందు అటే చూస్తాడు.

"మిమ్మల్ని అనడానికి రాలేదండీ," అంది. "ఇంకా చాలా స్టూడియోలవాళ్లు మీది చదువుతారు. నెగటివ్‌లు పారెయ్యొద్దని ఒక ముక్క రాయండి. అంతే."

సవరణ వేద్దామని ఇన్‌ఛార్జి గారిని అడిగాను.

"సవరణ వేస్తే పేపరు పరువేం కావాలి?" అన్నారు. "'మరికొంత సమాచారం' అని వెయ్. అప్పుడు తప్పు చెప్పినట్టుండదు, ఇంకా ఎక్కువ చెప్పినట్టుంటుంది."

'నెగటివ్‌లూ మంచివే' అన్న శీర్షికతో నాలుగు లైన్లు వచ్చాయి, పజిల్ జవాబుల కింద.

ఆవిడ వెళ్లేటప్పుడు స్టూడియోకి రమ్మంది. రెండు రోజులు ఆలోచించి వెళ్లాను. ముందుగదిలో ఆవిడ భర్త, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక గుమాస్తా మాట్లాడుకుంటున్నారు. గుమాస్తాకి వాళ్ల అమ్మానాన్నల పెళ్లి ఫొటో మళ్లీ కావాలి. ఇంట్లో ఉన్న ప్రింట్ చెమ్మకి పాడైంది. ఈ స్టూడియోలోనే తీసిన ఫొటో, నెగటివ్ ఉంటుందని వచ్చాడు.

"నెగటివ్ లేదండీ. సీడీ ఉంది, తెరుచుకోట్లా," అన్నాడు భర్త. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. "ఈ సారేనండీ, నెగటివ్‌లు అక్కర్లేదని రాసింది."

గుమాస్తా నా వైపు తిరిగాడు. నేను కుర్చీలో కూర్చోవాలో మెట్లు దిగాలో తేల్చుకోలేకపోయాను.

"ఆ కాలమ్ రాసేది మీరాండీ?" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "నేను వారం వారం చదువుతాను. చాలా బాగా రాస్తారండీ. అసలు ఒక్క ముక్క అర్థం కాదు, కానీ చదవాలనిపిస్తది."

నా పదేళ్ల పత్రికా జీవితంలో అంత నిజాయితీ గల సమీక్ష ఇంకొకటి రాలేదు.

ఆవిడ లోపలి నుంచి వచ్చి, పాడైన ప్రింటే తెచ్చివ్వమని అతనికి చెప్పి పంపింది. తర్వాత నన్ను వెనకగదిలోకి తీసుకెళ్లింది. కిటికీ దగ్గర పాత టచింగ్ బల్ల, ఏటవాలు గాజుపలక, దాని పక్కన సూదుల్లా చెక్కిన పెన్సిళ్లు. ఇటుపక్క కంప్యూటర్, గుయ్యిమనే స్టెబిలైజర్.

"నెగటివ్ మీద పెన్సిల్ పెడితే ప్రింట్‌లో అక్కడ తెల్లబడుద్దండీ. ఎక్కువైతే తియ్యడం కష్టం. అందుకని చెయ్యికి భయం ఉండేది. ఈ కంప్యూటర్‌లో చేసింది వెనక్కి తీసుకునే అన్‌డూ ఉంది. భయం పోయింది, పిల్లలు చేసే పని చూడండి, ముఖాలు కడిగిన పింగాణీ గిన్నెల్లా చేస్తన్నారు."

"మీరు ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడుందండీ నేర్చుకోడానికి? మీ పేపరేగా." నవ్వలేదు. బల్ల సొరుగులోంచి రెండు పుస్తకాలు తీసింది. ఒకటి పొడుగాటి నోట్‌బుక్. కంప్యూటర్‌లో ఒక్కో మెనూ నొక్కి, ఏం జరిగిందో సొంత మాటల్లో రాసుకుంది. 'దీన్ని నొక్కితే నల్లది ఇంకా నల్లబడుద్ది, తెల్లది కదలదు.' 'ఆటో కలర్ నొక్కొద్దు. పెళ్లికూతురి ముఖం మీద పసుపుని జబ్బనుకుని తీసేస్తది.' రెండోది నా పాఠాలు అతికించిన పుస్తకం. ఒక్క వారం పోలేదు. ప్రతి పాఠం పక్కనా ఎర్ర సిరాతో రైటు మార్కో ఇంటూ మార్కో పెట్టి ఉంది. ఇంటూలు చాలా ఉన్నాయి.

"రైట్లు ఎన్నున్నాయండీ?" అడిగాను.

"ఏడు," అంది. కాస్త ఆగి, "అందులో ఒకటి, వానలో కెమెరా కవర్లో పెట్టుకోమన్నారు, అది," అంది.

ఆ రోజు బస్సులో ఇంటికెళ్తుంటే ఎప్పుడో పదో తరగతిలో లెక్కల పేపర్ దిద్ది చేతికిచ్చినప్పటిలా ఉంది. అయినా సిగ్గు కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. నేను రాసిందాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి మా ఎడిటర్‌తో సహా అంతకుముందు ఎవరూ లేరు.

గుమాస్తా తెచ్చిన ప్రింట్‌లో పెళ్లికూతురి ఎడమకన్ను మీద మరక పడి సగం చెరిగిపోయింది. నేనైతే కుడికన్ను తీసి తిప్పి అంటించమని రాసేవాణ్ణి. రాశాను కూడా, ఒక పాఠంలో. ఆవిడ ఆ పని చెయ్యలేదు. రెండు రోజులు మధ్యాహ్నాలు కూర్చుని, మిగిలిన రెప్ప నీడని పట్టుకుని కొంచెం కొంచెం గీసుకుంటూ వచ్చింది.

"అటుపక్క కన్ను తెచ్చి పెడితే సరిపోదా?" అన్నాను పక్కన కూర్చుని.

"ఏ మనిషికీ రెండు కళ్లూ ఒక్కలా ఉండవండీ. పెడితే బాగానే ఉంటది, వాళ్లమ్మ మాత్రం కాదు."

గుమాస్తా ఫొటో చూసుకుని ఆవిడకి థాంక్స్ చెప్పాడు. తర్వాత నాక్కూడా థాంక్స్ చెప్పాడు. ఎందుకో నాకు తెలియదు. స్టెబిలైజర్ స్విచ్ రెండుసార్లు వేసింది నేనే, బహుశా అందుకు.

ఇక కాలమ్ ఆవిణ్ణే రాయమన్నాను. "పేరు మీదే ఉండనియ్యండి. తప్పొస్తే మిమ్మల్నే తిడతారు," అంది. అలా కుదిరింది. వారానికోసారి వెళ్లేవాణ్ణి. ఆవిడ చెప్పింది రాసుకునేవాణ్ణి, 'గవర్నర్‌పేటకు చెందిన ఒక అనుభవజ్ఞురాలు చెప్పినట్టు' అని మొదట్లోనే ఒప్పుకుంటూ. మిట్టమధ్యాహ్నం ఎండలో మనిషిని ఎటు తిప్పి నిలబెట్టాలి, తెల్లపంచె పక్కన నల్లటి ముఖాన్ని ఎలా కాపాడాలి, సంబంధాలకి పంపే ఫొటోలో మొటిమ తీసి పుట్టుమచ్చ ఎందుకు ఉంచాలి. ఒక్క మాట తప్పు పోలేదు.

మూడు నెలలు తిరగకముందే ఉత్తరాలు మొదలయ్యాయి. 'మీ కాలమ్ ప్రమాణాలు ఈమధ్య పడిపోయాయి.' 'జపాన్ వార్తలు ఏవి?' 'ఇవన్నీ మా ఊరి ఫొటోగ్రాఫర్‌కి కూడా తెలుసు, ఇంక పేపరెందుకు?' ఇన్‌ఛార్జి గారు ఆ ఉత్తరాలన్నీ వరసగా నా ముందు పెట్టారు.

"ఇంతకుముందు బాగా రాసేవాడివి. ఏమైంది నీకు?"

"నేర్చుకున్నానండీ."

"అదే తప్పు," అన్నారు. కాలమ్ ఆపేశారు. ఆ అరపేజీలో మొబైల్ ఫోన్లకి రింగ్‌టోన్‌లు నొక్కుకునే కోడ్‌లు వెయ్యడం మొదలుపెట్టారు. దానికి వచ్చినన్ని అభినందనలు మా పేపరు చరిత్రలో దేనికీ రాలేదు.

ఆవిడకి ఈ సంగతి చెబితే తేలిగ్గా తీసుకుంది. అప్పటికే చుట్టుపక్కల స్టూడియోల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు మధ్యాహ్నాలు వచ్చి నేర్చుకుంటున్నారు. భర్త ముందుగదిలో వాళ్ల కోసం ఒక బల్ల కూడా వేయించాడు. మిగిలిన నెగటివ్‌లు ఇనప బీరువాలోకి చేరాయి. దాని తాళంచెవి ఆయన దగ్గర ఉండదు.

ఇంకో రెండేళ్లకి నేనొక చిన్న డిజిటల్ కెమెరా కొన్నాను. సాయంత్రం బ్యారేజీ మీదకెళ్లి నది, గేట్లు, పడవలు, కొండ, ఏదీ వదలకుండా తీశాను. మర్నాడు స్టూడియోకి తీసుకెళ్లి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే, తొందర లేకుండా, చివరిదాకా చూసింది.

"కెమెరా మెమరీ కార్డులో ఇంకా ఖాళీ ఉందాండీ?" అంది.

"చాలా ఉంది."

"అయితే ఇవాళ మళ్లీ వెళ్లండి."

వెళ్లాను.