గది లేని కిటికీ

నా చిన్నప్పుడు, అమ్మ కనపడకుండా పోయిన వేసవిలో, నేను రోజూ ఒక కిటికీతో మాట్లాడేదాన్ని.

విస్సన్నపేట వెళ్లే దారిలో, మామిడితోటల మధ్య ఒక బంగళా ఉండేది. ఇంగ్లండు జమీందార్ల ఇళ్ల బొమ్మలు చూసి, అచ్చం అలాంటిదే కావాలని తోటల ఆసామి కట్టించాడట. నడిమధ్య పెద్ద తలుపు, అటూ ఇటూ ఒకే కొలత కిటికీలు, మా ఎండల్లో ఎన్నడూ వెలిగించని చలికాచుకునే పొయ్యి, దానికి మేడ మీదుగా పొగగొట్టం. నాకు ఊహ తెలిసేనాటికి అందులో ఆయన కోడలు ఒక్కరే ఉండేవారు. అందరూ అమ్మగారు అనేవాళ్లు. మా అమ్మమ్మ ఆవిడకి వంట చేసేది, మా అమ్మ గదులు తుడిచేది.

ఒకరోజు మేడ మీద తుడుస్తూ అమ్మ పడిపోయింది. కారులో బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారట. నేను తోటలో రాలిన కాయలు ఏరుకుంటున్నాను, చూడలేదు. నన్ను కొన్నాళ్లు చింతలపూడిలో పిన్ని ఇంట్లో ఉంచి, మళ్లీ తెచ్చారు. అమ్మ ఏదని అడిగితే అమ్మమ్మ “వచ్చుద్దిలే” అని బావి వైపు వెళ్లిపోయేది.

మేడ మీద చివరి కిటికీ ఒక్కటి ఎప్పుడూ తీసేవాళ్లు కాదు. అమ్మ ఆ గదిలోనే పడుకుని ఉందని నాకు తోచింది. పనివాళ్లు తోటలోకి వెళ్లాక కింద నిలబడి, ఏం తిన్నానో, జడ ఎవరు వేశారో చెప్పేదాన్ని. జవాబు రాకపోతే నిద్రపోతోందనుకునేదాన్ని.

అది అమ్మగారి కంటపడింది.

“ఎవరితోనే మాట్లాడుతున్నావు?”

“మా అమ్మతోనండీ. ఆ గదిలో ఉందిగా.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లి, ఒక్కో గదీ తీసి చూపించారు. చివరికి వెళ్లేసరికి ఉత్త గోడ. నా అరచెయ్యి దాని మీద ఆనించారు.

“ఇక్కడ గది లేదమ్మా. దీని లోపల పొగగొట్టం ఉంది. బయటికి రెండు వైపులా సమానంగా కనపడాలని గోడకే ఉత్తుత్తి కిటికీ తలుపులు బిగించారు.” అని, నాతో పాటు నేలమీద కూర్చున్నారు. “మీ అమ్మ ఆస్పత్రిలోనే చనిపోయింది. ఇక రాదు.”

వెనకే వచ్చిన అమ్మమ్మ గుమ్మంలో ఆగిపోయింది. “పసిదానికి ఎందుకు చెప్పారండీ?”

“కింద నిలబడి ఎదురుచూస్తోంది. ఎన్నాళ్లని చూడమంటావు?”

ఆ రోజు అమ్మమ్మ బావి వైపు వెళ్లలేదు. మొదటిసారి నా ముందే ఏడ్చింది. అమ్మగారు మా పక్కనే కూర్చుండిపోయారు.

ఆ తర్వాత తోట నాకు మరీ పెద్దదైపోయినట్టు ఉండేది. మాట్లాడటానికి కిటికీ కూడా లేదు. కానీ అమ్మ గురించి అడిగితే అమ్మమ్మ చెప్పడం మొదలుపెట్టింది. అమ్మకి పుల్లటి కాయలంటేనే ఇష్టమని అప్పుడే తెలిసింది.

పిల్లల్ని మభ్యపెట్టలేకపోవడం నాకు ఆ రోజు నుంచే వచ్చింది. మొన్నామధ్య మా ఆయన పోయినప్పుడు, తాతయ్య ఊరెళ్లాడని మనవడికి అందరూ చెప్పారు. నేను వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పాను. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి తలెత్తి, “అయితే నువ్వు ఒక్కదానివే పడుకుంటావా నానమ్మా?” అని అడిగాడు.

అవునన్నాను. వాడు లోపలికి వెళ్లి తన దిండు తెచ్చుకున్నాడు.