కజుయో వెన్ను

సెటా నదిలో పొద్దున్నే పడవ నడిపే ఆడవాళ్లందరిలో కజుయో వెన్నే గీత గీసినట్టు ఉంటుంది. యాభై దాటిన మనిషి. భుజాలు రెండుసార్లు వెనక్కి తిప్పి, గడ్డం కాస్త ఎత్తి, అప్పుడు తెడ్డు పట్టుకుంటుంది. గట్టు మీద సైకిల్ తొక్కుతూ వచ్చే కోచ్ ఒకుదా ఆరేళ్లుగా అదే కేక వేస్తాడు: "కజుయో గారిని చూసి నేర్చుకోండమ్మా." ఆమె వినయంగా తల వంచుతుంది. మొన్న ఆమె వెనక సీట్లో కొత్తగా చేరిన చినామిని కూర్చోబెట్టారు. రొయ్యలా వంగి లాగే ఆ పిల్ల, గట్టు చేరాక అమాయకంగా అడిగింది: "అక్కా, నా తెడ్డు లేచిన చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి. మీ దగ్గర అస్సలు తిరగట్లేదు. అదెలాగో నాకూ నేర్పరూ?"

కజుయో చెవులు ఎర్రబడ్డాయి. గట్టిగా లాగితేనే సుడి లేస్తుంది. కానీ గట్టిగా లాగితే ఆమె నడుము వంగుతుంది, వంగితే మెప్పు పోతుంది. అందుకే ఇన్నేళ్లూ తెడ్డు ముంచి తీసిందంతే. నలుగురు కూర్చునే ఆ పడవను లాగింది మిగతా ముగ్గురు. మర్నాడు ప్రాణం పెట్టి నాలుగుసార్లు లాగింది. నడుము వంగింది, నాలుగు సుడులు లేచాయి.

"ఏమైంది కజుయో గారూ, ఒంట్లో బాగా లేదా?" గట్టు మీంచి ఒకుదా అడిగాడు.

ఆమె గబుక్కున వెన్ను నిలబెట్టింది. ఐదో సుడి లేవలేదు.