చెన్నై విమానం ఎంతసేపండీ?

కాలేజీ డిబేట్లలో నన్ను ఓడించినవాళ్ళు లేరు. మొన్న ఆదివారం కూడా గెలిచాను. గెలిచి మరీ మునిగాను, చెల్లిని కూడా ముంచబోయాను! మీరు నవ్వుకోండి, నాకైతే ఇంకా తలెత్తబుద్ధి కావట్లేదు.

మా చెల్లి సౌమ్యకి నర్సింగ్ సీటొచ్చింది. సోమవారం మధ్యాహ్నంలోగా పాండిచ్చేరిలో సర్టిఫికెట్లు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా యానాం పాండిచ్చేరి కిందే, మాకు ఏ పనికైనా పాండీయే కదా! నాన్న ఎప్పట్లాగే, "శనివారం కాకినాడలో రైలెక్కేయండే" అన్నారు.

"రైలేంటి నాన్నా? రాజమండ్రిలో ఫ్లైటెక్కితే చెన్నై గంటంబావు!"

"మన కనకాలపేట నుంచి ఎయిర్‌పోర్టుకో? చెన్నై నుంచి పాండీకో?"

"అది రోడ్డు. మన టాపిక్ ఫ్లైటు!"

నాన్న నాకో దణ్ణం పెట్టి ఆదివారం ఫ్లైటుకి టికెట్లు తీశారు.

ఎయిర్‌పోర్టుకి టైముకే చేరాం. సెక్యూరిటీ కూడా అయిపోయి గేటు దగ్గర కూర్చున్నాం. పక్క కుర్చీలో ఓ పెద్దాయన పలకరించారు.

"ఎందాకమ్మా? చెన్నైయా? ముప్పావుగంటలో దింపేస్తాడులే."

అక్కడ ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెందుకవుతాను!

"గంటంబావండి."

"ఎక్కడమ్మా! గాల్లో అయిదొందల కిలోమీటర్లుంటే గొప్ప. విమానం గంటకి ఎనిమిదొందలు పోద్ది. లెక్క నువ్వే కట్టుకో."

"మరి రన్‌వే మీద పాకేదో? ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే స్పీడుంటుందాండీ?"

ఇంట్లో రోడ్డు కలపనని మొండికేసిన మనిషినే, ఇక్కడ రన్‌వే కూడా కలిపేస్తున్నా! ఫోన్లో మ్యాప్ తీశా. చుట్టూ నలుగురు తలలు తిప్పారు. ఆడియన్స్! ఇంకేం, లేచి నిలబడ్డా.

"అక్కా, మన ఫ్లైటే పిలుస్తున్నారు." బోర్డింగ్ పాసులు రెండూ నా ఫోన్లోనే ఉన్నాయి, పాపం అదేం చేస్తుంది?

"ఆగవే, ఒక్క పాయింటు."

"అక్కా! మన పేర్లు పెట్టి పిలుస్తున్నారే!"

"ముందు సార్‌ని ఒప్పుకోనీ!"

ఒప్పుకున్నారు. "సరే తల్లీ, గంటంబావే" అని చేతులెత్తేశారు. చప్పట్లొక్కటే తక్కువ. గర్వంగా వెనక్కి తిరిగితే గేటు మూసేశారు. బతిమాలాను, వాదించాను, మళ్ళీ బతిమాలాను. అద్దాల్లోంచి విమానం మెల్లగా కదిలిపోతోంది.

"అయ్యో, మీది కూడా పోయిందండీ!" అన్నాను పెద్దాయనతో.

"నాది హైదరాబాదమ్మా. ఇంకా టైముంది."

సౌమ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఫైలు గుండెకి హత్తుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

అక్కణ్ణుంచి రాజమండ్రి స్టేషన్‌కి పరుగు. దొరికిన రైల్లో జనరల్ బోగీ, బాత్రూమ్ పక్కన రాత్రంతా జాగారం. చెన్నైలో దిగి బస్సు. పాండీలో ఆఫీసు మెట్లెక్కేసరికి లోపల ఫైళ్ళు సర్దేస్తున్నారు. సౌమ్య ఆయాసపడుతూ సర్టిఫికెట్లు కౌంటర్ మీద పెట్టింది. ఆఫీసరు ఒక్కొక్కటీ చూశారు, సంతకం పెట్టారు. సీటు దక్కింది!

ఆయన దాని రేగిన జుట్టూ, నలిగిన డ్రెస్సూ చూసి జాలిగా అడిగారు. "ఫ్రమ్ యానాం? సో ఫార్! హూ కేమ్ విత్ యూ?"

"నోబడీ సార్. అలోన్."

రెండు బ్యాగులూ మోసుకుంటూ సరిగ్గా దాని వెనకే నిలబడి ఉన్నాను. ఖండించడానికి ఒక్క పాయింటు కూడా దొరకలేదు.