ఇటు తిరిగి సెప్పండి

మా కోడలు పులావుకి లవంగాలు వేయించిందంటే చాలు, నాకు నరసమ్మ పంతులమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఎదురుగా, బాగా దగ్గరగా కూర్చుని నాతో మాట్లాడేవారు కాబట్టి ఆ వాసన నాకు బాగా తెలుసు.

చీపురుపల్లిలో మాది బట్టల కొట్టు. ఆరో ఏట విషజ్వరం వచ్చి తగ్గాక నా వినికిడి చాలావరకు పోయింది. బడిలో నా పేరు ‘సెవిటిది’ అయింది. వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చుని, అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. యుద్ధం రోజుల్లో, నేను మూడో తరగతిలో ఉండగా, పంతులమ్మగారు విజయనగరం నుంచి మా బడికి వచ్చారు. వచ్చిన వారంలోనే నా దొంగనవ్వు పట్టేశారు. దగ్గరికొచ్చి నా గడ్డం పైకెత్తారు.

“ఏటికి నవ్వినావు? సెప్పు.”

నాకు తెలియలేదు. ఆవిడ మాట మాత్రం తెలిసింది, పెదాలు చూశాను కాబట్టి. అదే తిరిగి చెప్పాను. ఇంకో రెండు మాటలన్నారు. అవీ తిరిగి చెప్పాను.

“కళ్ళతో వింటన్నావే! ఈ విద్య నీకెవులు నేర్పినారు?”

నాకో విద్య ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ రోజే నన్ను ముందు వరసలోకి మార్చి, ఒక్క వాక్యం నేర్పారు: ‘ఇటు తిరిగి సెప్పండి.’ “ఇది బతిమాలడం కాదు. ఆళ్ళ మాట నీకు కావాలని సెప్పడం,” అంటూ ఆ వాక్యాన్ని రోజుకి పదిసార్లు నాచేత అనిపించేవారు.

ఇన్‌స్పెక్టరు వస్తారనగా ముందురోజు, హెడ్మాస్టరు వరండా చివర ఆవిడతో మాట్లాడుతున్నారు. ఆయన పెదాలు నాకు కనిపించాయి. “ఆ పిల్లని రేపు రావద్దనండి. బడి పరువు పోతాది.” ఆవిడ వీపు నావైపు ఉంది. ఏం జవాబిచ్చారో తెలియలేదు. సాయంత్రం మా కొట్టుకొచ్చి నాన్నతో అన్నారు: “రేపు పాపని తప్పకుండా పంపండి. ముందు వరసలోనే కూసుంటాది.”

ఇన్‌స్పెక్టరుగారు పుస్తకం పట్టుకుని కిటికీ వైపు తిరిగి చదువుతూ మమ్మల్ని రాయమన్నారు. నా పలక ఖాళీగా ఉండిపోయింది. పంతులమ్మగారి వైపు చూశాను. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నారు. నా గొంతు వింటే పిల్లలు నవ్వుతారని తెలుసు. అయినా లేచి నిలబడ్డాను.

“అయ్యగారూ, ఇటు తిరిగి సెప్పండి. మీ నోరు అగపడకపోతే నాను రాయలేను.”

హెడ్మాస్టరు ముఖం పాలిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు ఒక క్షణం నన్ను చూసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి మళ్ళీ చదివారు. నాకు రెండు తప్పులు వచ్చాయి. తరగతిలో చాలామందికి అంతకంటే ఎక్కువే వచ్చాయి.

పంతులమ్మగారు నన్ను మెచ్చుకోలేదు. పలక చూసి, “ఈ రెండూ దిద్దుకో,” అన్నారు, మిగతా పిల్లలతో అన్నట్టే. అంతకంటే గొప్ప బిరుదు నాకు మళ్ళీ దొరకలేదు.

తర్వాత నేనూ చిన్న తరగతులకి పంతులమ్మనయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నల్లబల్ల వైపు తిరిగి రాశానే గాని, అటు తిరిగి పిల్లలతో ఒక్క మాటా మాట్లాడలేదు.