మృగవ్యాధ చోట నల్లటి జాగా

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ముఖం మీదే ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యమనే మాట వాడను. నా మతి చెడిందని ఊరంతా చెప్పుకుంటూ తిరిగినవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లూ చదవాలనే ఇది రాస్తున్నాను.

నిజాం మీద పోలీసు చర్య అయిపోయిన తర్వాతి చలికాలమది. నేను మక్తల్‌లో డ్రాయింగు మాస్టరుని. మా తమ్ముడు నర్సింహ అంతకుముందే కమ్యూనిస్టుల సంఘంలో చేరి నల్లగొండ వైపు పోయాడు. రజాకార్ల పీడ పోయింది గాని, దళాల కోసం గాలింపు ఆగలేదు. వాడు ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. ఎవరైనా దినాలు చేయమంటే మా అమ్మ వాళ్ల గడప తొక్కడం మానేసేది.

నాకు నక్షత్రాల ఫొటోలు తీసే పిచ్చి ఉండేది. చుక్కలన్నిటిలోకీ కాంతి గలది మృగవ్యాధ. దాని వెలుగు కెమెరాలోని గాజు పలక మీద పొగలా పరుచుకుని పక్కనున్న సన్న చుక్కలను మింగేస్తుంది. అందుకని పలక మీద అది పడే చోట నల్ల కాగితం ముక్క అంటించేవాణ్ణి. ఆ ముక్క కిందికి వెలుతురు పోదు. ఫొటో అచ్చు వేస్తే అక్కడ ఉత్త నలుపు రావాలి, చుట్టూ సన్న చుక్కలు రావాలి. కెమెరాకు కట్టిన దుర్భిణిలో మృగవ్యాధను చూస్తూ, అది జరిగినకొద్దీ చేత్తో మర తిప్పాలి.

దళాలకు సైగలు చేస్తున్నానని ఎదురింటాయన చెప్పి, నా దుర్భిణిని పోలీసులకు పట్టించాడు. వాళ్లు తిరిగిచ్చారు.

ఆ చలికాలం తీసిన మొదటి ఫొటోలో ఆ నల్లటి జాగాలో ఒక ముఖం వచ్చింది. చిన్నది, మసకది. కళ్లు మూసుకుని ఉంది. ఫొటో స్టూడియో సలీం భాయి విరగబడి నవ్వాడు.

"పాత పలక మీదనే మళ్ల తీసినవా మాస్టరూ? చుక్కల నడుమ పెండ్లికొడుకును కూసోబెట్టినవ్!"

వాడిన పలక మళ్లీ వాడే మనిషిని కాను నేను. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొత్త పలకల పెట్టె కొని ఆయన చేతనే విప్పించాను. కాగితం కూడా ఆయన చేతనే అంటింపజేశాను.

ఆ రాత్రి మిద్దె మీద ఒక్కణ్ణే ఉన్నాను. మబ్బు లేదు, గాలి లేదు. దుర్భిణిలో చుక్క ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లీ వెలిగింది, దానికి అడ్డంగా ఎవరో నడిచిపోయినట్టు. తల ఎత్తి చూడడానికి ధైర్యం చాలలేదు. మర తిప్పుతూనే ఉన్నాను.

రెండో పలక సలీం భాయే కడిగాడు. అదే ముఖం. ఈసారి పెద్దది. కళ్లు తెరిచి ఉన్నాయి.

ఆయన నవ్వలేదు. "నీకు దండం మాస్టరూ. గివి నా దుకాణంలకు తేకు."

ఆ ఫొటో ఇంట్లో దాచినా అమ్మ కంట పడింది. చాలాసేపు చూసింది.

"గడ్డం పెరిగింది బిడ్డకు," అంది. "మన నర్సిమ్మనే రా. కండ్లు తెరిసి సూస్తుండు. పానంతోనే ఉన్నడు. మళ్లొక్కసారి తియ్యి, నాయినా."

రెండోసారికే అంత దగ్గరికి వచ్చినది, మూడోసారి ఎక్కడిదాకా వస్తుంది? వద్దన్నాను. ఆమె అన్నం ముట్టడం మానేసింది.

తీశాను. నేనే కడిగి అచ్చు వేశాను.

కాగితం ఉన్న చోట ఉత్త నలుపు. చుట్టూ ఆవాలు చల్లినట్టు సన్న చుక్కలు. ఎన్ని చలికాలాలుగానో నేను కోరుకున్న ఫొటో సరిగ్గా అదే.

అమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా చేతిలో పెట్టింది.

"పోయిండు," అంది. "బ్రాహ్మణయ్యను పిలువు."

ఖాళీ ఫొటో సాక్ష్యం కాదని నేను కొట్లాడాను. ఆమె వినలేదు. దినాలు జరిగాయి. నర్సింహ గురించి ఆ తర్వాత కూడా ఏ కబురూ రాలేదు. వెలుతురు పోని చోట ఆ ముఖం ఎలా వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు తెలియదు. నేను తీసిన వాటిలో సరిగా వచ్చిన ఫొటో ఆ మూడోదే. అమ్మకు తప్ప దాన్ని ఇంతవరకు ఎవరికీ చూపలేదు.